రోజూ పొద్దున్నే తిరిగొచ్చిన ఓడరేవు ఫొటో

భోగి రోజు నాన్న కంప్యూటర్ బల్ల తుడుస్తుంటే మౌస్ ప్యాడ్ కింద మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. పాత క్యాలెండర్‌లోంచి చింపిన నెల కాగితం. వెనక తెల్లటి వైపు నాన్న గుండ్రటి చేతిరాత, నీలం ఇంకు. పైన కుడి మూల తేదీ: 15-10-2024. తపాలా శాఖలో ముప్పై ఏడేళ్లు పనిచేసిన మనిషి. తేదీ వేయకుండా పచారీ చిట్టీ కూడా రాయడు.

తేదీ కింద తొమ్మిది వరసలున్నాయి. మొదటిది: "మెనూ, సెట్టింగ్స్, అప్పియరెన్స్, ఫాంట్స్. డీపీఐ దగ్గర టిక్ పెట్టి 144 కొట్టవలెను." మూడోది: "పై పట్టీ మీద కుడి బటన్. ప్యానెల్ ప్రిఫరెన్సెస్. రో సైజ్ 48." ఆరోది: "కీబోర్డ్, లేఅవుట్. సిస్టమ్ డిఫాల్ట్స్ అన్నది ఆపవలెను. యాడ్ నొక్కి ఇండియన్ కింద తెలుగు." ఎనిమిదోది డెస్క్‌టాప్ మీద మా పాప ఫొటో పెట్టడం గురించి. తొమ్మిదోది ఇలా ఉంది: "ఇప్పుడు పని మొదలుపెట్టవచ్చును."

"నాన్నా, ఇదేంటి?" అని అడిగాను.

"రోజూ కంప్యూటర్ పెట్టగానే చేసుకునేదమ్మా. రాత్రి ఆపేస్తే అన్నీ పోతాయి గదా."

"ఎప్పట్నించి?"

"నువ్వు కొత్త డిస్క్ వేసి వెళ్లిన దగ్గర్నించీ. దాని పద్ధతే అంతేమో అనుకున్నా."

"ఫోన్ చేసి చెప్పొచ్చుగా!"

"మీ కాలేజీలో పరీక్షల టైము. నీకెందుకు టెన్షన్. పావుగంట పనేగా."

నేను కామర్స్ చెప్తాను, లెక్క వేయకుండా ఉండలేను. రోజుకి పావుగంట, తొంభై రోజులు. ఇరవై రెండున్నర గంటలు. అదీ ఆయన చెప్పిన పావుగంట నిజమైతే. నాన్నకి ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది గానీ కుడి కన్ను ఇంకా మసకే. డీపీఐ అంటే స్క్రీన్ మీద అక్షరాల సైజుని నిర్ణయించే అంకె. మామూలు 96 డీపీఐలో అక్షరాలు ఆయనకి చీమల బారులా కనిపిస్తాయి. పెద్ద అక్షరాలు తెచ్చుకోవాలంటే ముందు ఆ చీమల్లోంచే సెట్టింగ్స్ వెతుక్కోవాలి. బల్ల సొరుగులో భూతద్దం ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. పండగ పూట పిండివంటల దగ్గర ఉండాల్సినదాన్ని, ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

కంప్యూటర్ సంగతి కొంచెం చెప్పాలి. 2012లో కొన్న డెస్క్‌టాప్ అది, 4 జీబీ ర్యామ్. విండోస్ కొత్త వెర్షన్లు దాని మీద నడవక నేనే లినక్స్ వేసి ఇచ్చాను, జుబుంటు. దాని డెస్క్‌టాప్ పేరు ఎక్స్‌ఎఫ్‌సీఈ, పాత మెషీన్లకి తేలికగా ఉంటుంది. నాన్న దాని మీద తన ఉద్యోగం జ్ఞాపకాలు టైప్ చేస్తున్నారు. 1974లో చేరారు, పిన్‌కోడ్ పద్ధతి వచ్చి అప్పటికి రెండేళ్లే, జనం ఇంకా కవర్ల మీద ఆరంకెలు రాయడం అలవాటు చేసుకోలేదట. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి రేపల్లెలో గుమస్తా. తీగలన్నీ తెగిపోయి, కౌంటర్ దగ్గర టెలిగ్రామ్ ఫారాలు పట్టుకుని నిలబడ్డ వాళ్లకి ఏం చెప్పాలో తెలియని రోజులు అవి. ఆ అధ్యాయం రాస్తున్నారు ఈ మూడు నెలలుగా. భారతీయ భాషల కోసం ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరిక డెబ్బై దాటాక నేర్చుకున్నారు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయని ఒకసారి చెప్తే ఆ క్రమం ఆయనకి నచ్చింది, ఉత్తరాల సార్టింగ్ అరలా ఉందన్నారు. షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి కొడితే 'అమ్మ' వస్తుంది. ఆయన నేర్చుకున్న మొదటి మాట అదే.

అందుకే నాకు ఇది చిన్న విషయంగా అనిపించలేదు. తెలుగు కీబోర్డ్ రోజూ మాయమైతే మనిషి రాయడం మానేస్తాడు. నాన్న మానలేదు గానీ, మానేసినా నేను తప్పుపట్టలేకపోయేదాన్ని.

ఊళ్లో రిపేరు కుర్రాడిని అంతకుముందే అడిగారట. ఫార్మాట్ కొట్టి మళ్లీ వేస్తే సరిపోతుందన్నాడట. నాకు ఆ మాట అంటేనే ఇష్టం ఉండదు. ఫార్మాట్ కొడితే సమస్య ఒక్కోసారి పోతుంది నిజమే, కానీ ఎందుకొచ్చిందో తెలియకుండా పోతుంది. అది మళ్లీ వచ్చేసరికి మనం మళ్లీ మొదటి మెట్టు దగ్గరే ఉంటాం.

మొదట నేను తప్పు దారిలోనే వెళ్లాను. లాగవుట్ అయ్యేటప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది, అందులో 'సేవ్ సెషన్ ఫర్ ఫ్యూచర్ లాగిన్స్' అని టిక్ ఉంటుంది. నాన్న ఆ టిక్ తీసేశారేమో, అందుకే సేవ్ కావట్లేదేమో అనుకున్నాను. ఆ టిక్ పెట్టి అరగంట అటూ ఇటూ తిరిగాను. పేరులో సేవ్ అని ఉంది కాబట్టి చాలామంది అక్కడే ఆగుతారు. నిజానికి దాని పని వేరు. ఏ ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయో గుర్తుపెట్టుకుని, మళ్లీ లాగిన్ అయినప్పుడు వాటిని తెరవడం దాని పని. అక్షరాల సైజు, కీబోర్డ్, ప్యానెల్ లాంటివి దాని లెక్కలోకి రావు. అవి మార్చిన కొన్ని సెకన్లకే డిస్క్ మీదకి వెళ్లిపోవాలి, లాగవుట్ దాకా ఆగవు.

తర్వాత డిస్క్ నిండిందేమో చూశాను. ఇది గాలిలో వేసిన అనుమానం కాదు. రెండేళ్ల కిందట మా స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. సెట్టింగ్స్ నిలబడవు, బ్రౌజర్‌లో బుక్‌మార్కులు నిలబడవు, కానీ సుడో పెట్టి, అంటే రూట్ అనే అన్ని హక్కులూ ఉన్న యూజర్ పేరుతో చేసిన పనులన్నీ చక్కగా అవుతాయి. చూస్తే ఎర్రర్లు రాసుకునే 'ఎక్స్‌సెషన్ ఎర్రర్స్' అనే దాచిన ఫైలు ఒక్కటే డిస్క్ అంతా తినేసింది. సుడో పనులు ఎందుకయ్యాయంటే, లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తయారుచేసేటప్పుడే 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టి ఉంచుతుంది. మామూలు యూజర్‌కి ఒక్క బైట్ కూడా మిగలని రోజున కూడా రూట్‌కి చోటుంటుంది. అది తెలియక ఆ రోజు మేం చాలాసేపు డిస్క్ బాగానే ఉందనుకున్నాం. ఈ అనుభవం వల్ల నాన్న మెషీన్‌లో వెంటనే డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టాను. 240 జీబీ డిస్క్‌లో పావు వంతు కూడా వాడలేదు. ఆ దారి మూసేశాను.

మూడోది, కొత్త యూజర్‌ని తయారుచేయడం. 'పరీక్ష' అని పేరు పెట్టి ఒక అకౌంట్ తెరిచాను. అందులో లాగిన్ అయి డీపీఐ 144 చేసి, ప్యానెల్ పెద్దది చేసి, లాగవుట్ అయి మళ్లీ వచ్చాను. అన్నీ ఉన్నాయి. ఐదు నిమిషాల పని ఇది, మొదట్లోనే చేయాల్సింది. సిస్టమ్‌లో లోపం లేదని, నాన్న సొంత ఫైళ్లు, సెట్టింగ్స్ ఉండే హోమ్ ఫోల్డర్‌లోనే ఏదో ఉందని దీనితో తేలిపోయింది. ఫార్మాట్ మాట ఇక ఎత్తక్కర్లేదు.

మళ్లీ నాన్న అకౌంట్‌లోకి వచ్చాను. లాగిన్ అవగానే స్క్రీన్ మీద ఓడరేవు సముద్రం ఫొటో వచ్చింది. కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో అందరం వెళ్లినప్పుడు నేనే తీసింది. నాన్న అలవాటుగా కాగితం అందుకుని, "ఎనిమిదోది ఇప్పుడు చేయనా?" అన్నారు. పాప ఫొటో మార్చడం.

అప్పుడు నాకు తట్టింది. సెట్టింగ్స్ మొత్తం పోతుంటే జుబుంటు సొంత బొమ్మ రావాలి, ఓడరేవు రాకూడదు. అంటే కంప్యూటర్ కొత్తదానిలా మారట్లేదు. ప్రతి రోజూ ఒకే పాత రోజుకి తిరిగి వెళ్తోంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. డిఫాల్ట్‌కి వెళ్తే మన ఫైలుని అది చదవలేకపోతోందన్న మాట. పాత రోజుకి వెళ్తే చదవగలుగుతోంది, రాయలేకపోతోంది. మూడు నెలలుగా ఆ ఫొటో రోజూ పొద్దున్నే ఈ విషయం చెప్తూనే ఉంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగ్స్ దాచే పని ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే సర్వీసుది. మనం ఏదైనా మార్చగానే ఆ కొత్త విలువని అది ముందు తన మెమరీలో పెట్టుకుంటుంది. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నింటికీ చెప్తుంది, అవి వెంటనే మారతాయి. కొన్ని సెకన్ల తర్వాత డిస్క్ మీద ఫైల్లో రాస్తుంది. ఆ రాయడం విఫలమైతే మనకి ఏ పెట్టె తెరుచుకోదు, ఏ గంటా మోగదు. మెమరీలో ఉంది కాబట్టి ఆ పూటంతా అన్నీ పనిచేస్తాయి. లాగవుట్ అయినప్పుడు మెమరీతో పాటు పోతాయి.

నాన్నకి ఇది చెప్తే ఒక్క క్షణం ఆలోచించి, "ఉత్తరం డబ్బాలో పడింది. బట్వాడా కాలేదు. వేసినవాడు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ అడగలేదు" అన్నారు. నేను ఇంకా బాగా చెప్పలేను.

ఆ ఎక్‌నాలెడ్జ్‌మెంట్ అడిగే దారి ఉంది. కాగితంలో మొదటి మెట్టు చేసి డీపీఐ 144 పెట్టాను. తర్వాత కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ విండోలో ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ క్వెరీ అనే కమాండ్‌తో ఎక్స్‌సెట్టింగ్స్ చానెల్‌లో డీపీఐ ఎంత అని అడిగాను. 144 అని చెప్పింది. ఇది సర్వీసు నోటి మాట. ఇప్పుడు ఫైల్లో ఏముందో చూడాలి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి. అందులో కాన్ఫిగ్, దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ4, దానిలో ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్, దానిలో పర్‌చానెల్ ఎక్స్‌ఎంఎల్ అని ఒక పొడుగు పేరు ఫోల్డర్. లోపల ఒక్కో విషయానికి ఒక్కో ఫైలు: ప్యానెల్‌కి ఒకటి, కీబోర్డ్ లేఅవుట్‌కి ఒకటి, డెస్క్‌టాప్ బొమ్మకి ఒకటి. మామూలు టెక్స్ట్ ఫైళ్లే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎక్స్‌సెట్టింగ్స్ ఫైలు తెరిస్తే డీపీఐ 96 అని ఉంది.

నోటి మాట 144, దస్తావేజులో 96. నా సబ్జెక్టులో ఇలాంటి తేడా కనిపిస్తే పుస్తకాలన్నీ తెరవాల్సిందే. ఆ ఫోల్డర్‌ని తేదీ వరసలో పెట్టి చూశాను. ప్రతి ఫైలు మీదా ఒకే తేదీ, ఒకే గంట, ఒకే నిమిషం. 2024 అక్టోబర్ 13, ఆదివారం సాయంత్రం. ఆ తర్వాత ఒక్క ఫైలూ మారలేదు. రోజూ వాడే మెషీన్‌లో అలా ఉండడం అసాధ్యం. పైగా ఫోల్డర్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు. ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్ చూస్తే యజమాని పేరు దగ్గర నాన్న పేరు లేదు. రూట్ అని ఉంది.

నాన్న సెట్టింగ్స్ ఫోల్డర్ నాన్నది కాదు. ఆయన చదవొచ్చు, రాయడానికి లేదు.

ఎలా జరిగిందో ఆ తేదీ చూడగానే తెలిసిపోయింది, చేసింది నేనే. దసరా మర్నాడు పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను. జుబుంటు కొత్తగా ఎక్కించాను. నాన్నకి అలవాటైన అమరిక పోకూడదని, ఏడాది కిందట ఒక పెన్‌డ్రైవ్‌లో దాచిన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫోల్డర్‌ని తెచ్చి, కొత్తగా వచ్చినదాన్ని తీసేసి ఆ స్థానంలో కాపీ చేశాను. ఏదో అనుమతి అడగకుండా ఉంటుందని సుడో పెట్టి కాపీ చేశాను. రాత్రి రైలు ఉంది, తొందర.

ఇందులో రెండు పొరపాట్లు ఒకదానికొకటి తోడయ్యాయి. మొదటిది, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. మామూలుగా దుకాణంలో కొన్న పెన్‌డ్రైవులు చాలావరకు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్. ఆ పద్ధతుల్లో ఫైలు యజమాని ఎవరన్నది రాసుకునే చోటే లేదు. అందులోకి వెళ్లగానే నాన్న పేరు చెరిగిపోతుంది. రెండోది, సుడోతో కాపీ చేస్తే కొత్తగా పుట్టే ఫైళ్లకి రూటే యజమాని అవుతుంది. ఫ్యాట్ నుంచి వచ్చినవి కాబట్టి అందరూ చదవొచ్చు అనే అనుమతి మాత్రం మిగిలింది. అందుకే ఓడరేవు ఫొటో వచ్చేది. ఆ అనుమతి కూడా లేకపోయుంటే జుబుంటు బొమ్మ వచ్చేది, నేను ఇంకో దారిలో తిరిగేదాన్ని.

కాపీ అయ్యాక డీపీఐ 144 చేసి, తెలుగు కీబోర్డ్ పెట్టి, నాన్నని పిలిచి చూపించాను. అన్నీ బాగున్నాయి. నేను ఒక్కసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అయి చూడలేదు. ఆ ఒక్క నిమిషం పెట్టి ఉంటే ఆ కాగితం పుట్టేదే కాదు. ఈ మాట నాన్నతో చెప్పి క్షమించమన్నాను. "పోనీలే తల్లీ, సెట్టింగులన్నీ ఎక్కడున్నాయో నాకు కంఠతా వచ్చేశాయి" అన్నారు. ఆయన అలాగే అంటారు. నాకు మాత్రం మనసు చాలాసేపు కుదుటపడలేదు.

సరిచేయడం ఒక్క కమాండ్. యజమానిని మార్చే కమాండ్, దాన్ని సీ, హెచ్, ఓ, డబ్ల్యూ, ఎన్ అని రాస్తారు. దానికి పెద్ద ఆర్ చేర్చితే లోపలి ఫోల్డర్లన్నింటికీ వర్తిస్తుంది. నాన్న యూజర్ పేరు ఇచ్చి, ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ దారి ఇచ్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫైలు యజమానిని మారిస్తే చాలదు, ఫోల్డర్ యజమానిని కూడా మార్చాలి. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ ఉన్న ఫైలునే దిద్దదు. పక్కన కొత్త ఫైలు రాసి, పూర్తయ్యాక పాతదాని స్థానంలో పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది చెడిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు, మంచి ఏర్పాటే. కానీ కొత్త ఫైలు పుట్టాలంటే ఫోల్డర్‌లో రాసే హక్కు ఉండాలి. ఫైలు మీద హక్కులన్నీ సరిగ్గా ఉన్నా సేవ్ కాని సందర్భాలకి ఇదే కారణం.

ఇంకొకటి. చేత్తో ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో 96 చెరిపి 144 రాసేద్దామని మొదట అనుకున్నాను. సర్వీసు నడుస్తుండగా అలా చేయకూడదు. దానికి మన దిద్దుబాటు తెలియదు, తర్వాత తన మెమరీలో ఉన్నదాన్ని తెచ్చి దాని మీద రాసేస్తుంది. సెట్టింగ్స్ విండోలోంచే మార్చడం క్షేమం.

మార్చాం. కాగితం చూస్తూ నాన్నే తొమ్మిది మెట్లూ చేశారు, నేను పక్కన నిలబడ్డాను. ఫైళ్ల మీద తేదీ జనవరి 13కి మారింది. లాగవుట్, లాగిన్. పెద్ద అక్షరాలు, పెద్ద పట్టీ, పాప ఫొటో. అమ్మ వంటింట్లోంచి అరిసెలు పట్టుకొచ్చింది.

అయితే కీబోర్డ్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది.

నాన్న ముఖం చూసి నాకు గుండె జారింది. కానీ ఈసారి ఎక్కడ చూడాలో తెలుసు. కీబోర్డ్ లేఅవుట్ ఫైలు తెరిచాను, అందులో ఇండియన్, తెలుగు అని చక్కగా రాసి ఉంది. సర్వీసుని అడిగినా అదే చెప్పింది. అంటే ఉత్తరం చేరింది. చేరిన తర్వాత ఎవరో మార్చారు. ఆ ఎవరో ఐబస్. భారతీయ భాషలు, చైనీస్, జపనీస్ లాంటివి టైప్ చేయడానికి వాడే ప్రోగ్రాము అది. దసరాకి నేనే ఏదో ప్రయత్నంలో ఎక్కించి వదిలేశాను. లాగిన్ అయినప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ తెలుగు పెడుతుంది, కాసేపటికి ఐబస్ లేచి తన జాబితాలో ఉన్న ఒకే ఒక్క అమెరికన్ ఇంగ్లీషు లేఅవుట్‌ని దాని మీద పెడుతుంది. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో 'యూజ్ సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్' అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే ఐబస్ మన లేఅవుట్ జోలికి రాదు. పెట్టాను. మళ్లీ లాగవుట్, లాగిన్. నాన్న ఆల్ట్, షిఫ్ట్ నొక్కి, తర్వాత షిఫ్ట్ డి, సి, డి, సి కొట్టారు. 'అమ్మ' వచ్చింది.

బయటికి ఒకేలా కనిపించే ఈ రెండు సమస్యలు లోపల ఎంత వేరో చూడండి. ఒకటి రాయనేలేదు, ఇంకొకటి రాసినదాని మీద ఇంకెవరో రాశారు. ఫైలు తెరిచి చూడకపోతే రెండో దానికి కూడా యజమాని పేరు మారుస్తూ కూర్చునేదాన్ని.

వేరే డెస్క్‌టాప్‌లు వాడేవాళ్ల కోసం నాకు తెలిసింది చెప్తాను. గ్నోమ్, సినమన్, మాటే వాడేవాళ్లకి ఇలా విడివిడి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు ఉండవు. కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల డీకాన్ఫ్ అనే ఫోల్డర్‌లో 'యూజర్' అని ఒకే ఫైలు ఉంటుంది, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే అర్థం కాదు. జీసెట్టింగ్స్ కమాండ్‌తోనో డీకాన్ఫ్ ఎడిటర్‌తోనో చదవాలి. కానీ జబ్బు మాత్రం ఇదే, ఆ ఫోల్డర్ రూట్ చేతిలోకి వెళ్తే ఏదీ నిలబడదు. టెర్మినల్‌లోంచి ఏదైనా ప్రోగ్రాము తెరిచినప్పుడు 'డీకాన్ఫ్ విల్ నాట్ వర్క్ ప్రాపర్లీ' అని వస్తుంటే ముందు ఆ సందేశంలో చెప్పిన ఫైలు యజమాని పేరే చూడండి. బొమ్మల విండోలు ఉండే ప్రోగ్రాములని, ముఖ్యంగా ఫైల్ మేనేజర్, టెక్స్ట్ ఎడిటర్‌లని సుడో పెట్టి తెరవడం వల్ల ఇది చాలామందికి జరిగేది. ఉబుంటు 19.10 నుంచి సుడో హోమ్ ఫోల్డర్‌గా రూట్ హోమ్‌నే తీసుకుంటోంది కాబట్టి ఆ ప్రమాదం తగ్గింది. పాత ఇన్‌స్టలేషన్‌ని అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చినవాళ్ల ఫోల్డర్లలో ఆ రోజుల నాటి రూట్ ఫైళ్లు ఇంకా ఉండొచ్చు. హోమ్ ఫోల్డర్‌లో రూట్ పేరున్న ఫైళ్లన్నీ చూపించమని ఫైండ్ కమాండ్‌ని అడిగితే ఒక్క నిమిషంలో జాబితా ఇస్తుంది. నాన్న మెషీన్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ కాకుండా ఇంకో మూడు దొరికాయి.

విండోస్‌లో ఇలాగే రోజూ కొత్తగా మొదలవుతుంటే నేనైతే ముందు టెంపరరీ ప్రొఫైల్ అనుమానిస్తాను. మన ప్రొఫైల్ ఫోల్డర్ తెరుచుకోనప్పుడు విండోస్ తాత్కాలికంగా ఒకటి ఇచ్చి లోపలికి పంపుతుంది, సైనవుట్ కాగానే అది పోతుంది. సెట్టింగ్స్ పోవడం కంటే పెద్ద భయం అందులో సేవ్ చేసుకున్న ఫైళ్లు పోవడం. అలాంటి మాట స్క్రీన్ మీద కనిపిస్తే పని ఆపి, ఆ రోజు చేసినది వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, తర్వాత మిగతాది చూడొచ్చు.

కనుమ మర్నాడు బయల్దేరే ముందు నాన్న సెట్టింగ్స్ మళ్లీ దాచాను. ఈసారి ఫోల్డర్‌ని టార్ ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో వేశాను. మూట కట్టేటప్పుడే యజమాని పేరు, అనుమతులు లోపల రాసుకుంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో ఉన్నా అవి చెరగవు. విప్పడం కూడా సుడో లేకుండా నాన్న అకౌంట్‌లోంచే. పెన్‌డ్రైవ్‌కి ఒక చీటీ కట్టి తేదీ వేయమని నాన్నకే ఇచ్చాను. వేశారు, 16-01-2025, కింద చిన్న సంతకంతో సహా.

పోయిన ఆదివారం ఉప్పెన అధ్యాయం మెయిల్‌లో వచ్చింది, పదకొండు పేజీలు. రేపల్లె కౌంటర్ ముందు నిలబడ్డ ఒక పెద్దాయన గురించి అందులో ఉంది. కొడుకు క్షేమమని టెలిగ్రామ్ ఇద్దామని వచ్చి, లైన్లు లేవంటే, ఎప్పుడొస్తే అప్పుడు పంపమని ఫారం, డబ్బులు కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడట. నాన్న ఆ ఫారాన్ని నాలుగు రోజులు తన సొరుగులో పెట్టుకుని, లైన్ రాగానే మొదట దాన్నే పంపారట. ఈ సంగతి నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.